కొంగ బొమ్మకు సామాను

పక్షుల పుస్తకానికి బొమ్మలు గీసే పని నాకు దక్కాలంటే షరతు ఒక్కటే: చెరువుగట్టున కూర్చుని, కొంగను కళ్లారా చూస్తూ గీసి, సాయంత్రంలోగా చూపించాలి. ఫోటో చూసి గీసిన బొమ్మంటే ప్రచురణకర్తగారు ముఖం తిప్పేసుకుంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇరుగుపొరుగు పిల్లల రికార్డు పుస్తకాల్లో కప్పలు గీసి గీసి విసిగిపోయినదాన్ని. ఈ పని నాకు కావాలి, అంతే.

"రెండు పెన్సిళ్లు, ఓ తెల్లకాగితాల పుస్తకం చాలు" అన్నాను. మా ఆయన వింటేగా! స్టాండు, రంగుల పెట్టె, కట్టెడు కుంచెలు, మడత కుర్చీ, గొడుగు అన్నీ సర్దేశాడు.

"అక్కడ కాపురం పెడతామా ఏంటి?"

"నువ్వూరుకో. తీరా వెళ్లాక అది లేదు, ఇది లేదంటే ఎవర్ని అడుగుతావ్?"

గట్టెక్కేసరికి ఆయనకు ఆయాసం, నాకు ఒళ్లుమంట. అదృష్టం కొద్దీ రెల్లుపొద పక్కనే కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. చప్పుడు కాకుండా సంచీలో చెయ్యి పెట్టాను. అన్నీ ఉన్నాయి, పుస్తకం తప్ప.

"కాగితాలేవీ?" అని గుసగుసగా అడిగాను.

ఆయన గొడుగు అటూ ఇటూ మార్చుకున్నాడు. "సంచీ మరీ బరువైపోయిందనీ... ఆ లావుపాటి పుస్తకం తీసి ఇంట్లో పెట్టేశా."

బాగుంది సంబడం! నాకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్లి వచ్చేదాకా కొంగ ఆగుతుందా? అప్పుడు కనబడింది ఆయన వీపు, దాని మీద తెల్లటి ఇస్త్రీ చొక్కా.

"అటు తిరిగి కూర్చో. కదిలావంటే చంపేస్తా."

"ఇది కొత్త చొక్కానే..."

"మాట్లాడకు."

కొంగ జపం చేసింది. మా ఆయన అంతకంటే నిష్ఠగా చేశాడు. మెడ ఒంపు గీస్తుండగా ఒక్కసారి మాత్రం ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం ప్రచురణకర్తగారి గదిలో మా ఆయన్ను గోడవైపు తిప్పి నిలబెట్టాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇది ఫోటో చూసి గీయలేదని నమ్మకమేంటి? పైగా ఇక్కడ మెడ వణికిందేం?"

"అక్కడ చీమ కుట్టిందండీ" అన్నాడు మా ఆయన గోడకేసి చూస్తూనే. "ఇంకా లోపలే ఉంది."

ఆవిడ పకపకా నవ్వింది. "పని మీదేనమ్మా. బొమ్మ మాత్రం ఇక్కడ వదిలి వెళ్లండి."

ఇస్త్రీ చొక్కా లేనిదే గుమ్మం దాటని మనిషి, బనీనుతో వీధి పొడుగునా నడిచాడు. మందుల షాపాయన కంగారుగా బయటికొచ్చి, "అయ్యో, ఏమైందండీ?" అన్నాడు.

"మా ఆవిడకి పని దొరికిందండీ!" అన్నాడు, వీధంతా వినబడేలా.