కోపం నేసిన సగం

లస్సా, సిదీఖ్ అన్నదమ్ములు. పెళ్ళి విందులో మా ఆచారం ప్రకారం నలుగురేసి ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటుంటే, అన్న దాచుకున్న వేయించిన పక్కటెముక మాంసాన్ని తమ్ముడు గుటుక్కున మింగేశాడు. అంతే, ఏడాదిగా మాటల్లేవు! గడ్డాలు నెరుస్తున్నాయి గానీ బుద్ధి రాలేదు వెధవలకి.

నేస్తున్నది మాత్రం ఇద్దరూ కలిసి ఒకే శాలువా. సగం అన్న మగ్గం మీద, సగం తమ్ముడి మగ్గం మీద. ఆ రెంటినీ అతుకు కనబడకుండా కలపడం నా పని, రఫూ చేసేవాణ్ణి కదా. శాలువాల వ్యాపారి ఖ్వాజా ముకీమ్ శుక్రవారం అమృత్‌సర్ బయల్దేరుతున్నాడు. ఆలోగా శాలువా అందకపోతే ఈ చలికాలం ఇద్దరికీ ఉన్ని నూలు ఇవ్వనన్నాడు. ఇక రెండిళ్ళలోనూ పస్తులే.

రెండు సగాలూ పక్కపక్కన పరిచాను. అన్న సగం నాలుగు వేళ్ళు పొట్టి!

"వాడే పొడుగ్గా నేశాడు బాబాయ్," అన్నాడు లస్సా గోడకేసి చూస్తూ.

"పొట్టిగా నేసినవాళ్ళని అడుగు బాబాయ్," అన్నాడు సిదీఖ్ కిటికీకేసి చూస్తూ.

నమూనా ఒకటే, పోగులూ అన్నే. ముట్టుకుంటే తెలిసిపోయింది. తమ్ముడు గుర్తొచ్చినప్పుడల్లా లస్సా అడ్డపోగును, అదే పేకను, దబదబా బాదాడు. గుడ్డ అట్టలా బిగుసుకుంది.

"ఏరా, నేశావా, ఎవణ్ణన్నా తన్నావా?" అన్నాను. లస్సా చెవులు ఎర్రబడ్డాయి.

పొట్టి సగాన్ని జీలం నది నీళ్ళలో తడిపి, చెరో కొసా పట్టించి మెల్లగా లాగమన్నాను. వింటేగా! ఏడాది కసంతా తీర్చుకున్నారు. కొలిస్తే ఇప్పుడది రెండు వేళ్ళు పొడుగు!

"కొంప ముంచారు కదరా! ఆ రెండోది కూడా తడపండి!"

ఈసారి ఇద్దరికీ మొహాలు పాలిపోయాయి. ఇది గనక చిరిగితే చలికాలం గడవదు. ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా లాగారు.

"అన్నా, మెల్లగా... నీ వైపు జారుతోంది," అనేశాడు సిదీఖ్.

"నోర్మూసుకుని పట్టుకోరా," అన్నాడు లస్సా.

తిట్టే అనుకోండి. అయినా ఏడాదికి మొదటి మాట, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

రెండు సగాలూ సరిపోయాయి, శుక్రవారంలోగా అతికిచ్చాను. ఖ్వాజా గోరుపెట్టి వెతికినా అతుకు దొరకలేదు. సంబరపడి ఇంకో శాలువాకి రెండు మగ్గాలకూ నూలు ఇవ్వబోయాడు.

"రెండొద్దు ఖ్వాజా. ఒకే మగ్గం ముందు ఇద్దరం కూర్చుంటాం," అన్నాడు లస్సా.

"ఓహో, కలిసిపోయారన్నమాట!"

"కలవడమా, ఇంకా నయం! కోపమొస్తే ఇక పేకను బాదక్కర్లేదు. పక్కనే ఉంటాడుగా, వీణ్ణే బాదుతాను."