కుట్టకూడని కోటు

నేను ఒక దర్జీ కత్తెరను. ఉన్నిగుడ్డను నాలుగు మడతలు పెట్టినా ఒక్క కోతలో కోసేదాన్ని. జర్మనీలో ఒక కొలిమిలో పుట్టాను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నాకే సిగ్గు. ప్రస్తుతం యూదుల దేశంలోని హైఫా నగరంలో ఒక మ్యూజియం అద్దాల పెట్టెలో ఉంటున్నాను. వచ్చినవాళ్ళు నన్ను చూసి "అయ్యో పాపం" అంటారు, ఆ వెంటనే ఇక్కడ కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. వాళ్ళ జాలి నాకు అక్కర్లేదు. జరిగింది జరిగినట్టు వింటే చాలు.

నన్ను కొన్నది పోలండులోని ఒక చిన్న ఊళ్ళో కోట్లు కుట్టుకుని బతికే బ్లూమా అనే యూదుల ఆవిడ. ఆవిడ భర్త జ్వరంతో పోయిన రోజు, పద్నాలుగేళ్ళ కూతురు ఫ్రేడల్‌ను ఎదురుగా నిలబెట్టి, పిల్ల గౌను మీద ఎడమవైపు, సరిగ్గా గుండె దగ్గర, నాతో చిన్న గాటు పెట్టింది. అక్కడినుంచి బెత్తెడు మేర ఫ్రేడల్ తన చేత్తోనే చింపుకుంది. పోయినవాళ్ళ కోసం ఒంటిమీది సొంత బట్ట చింపుకోవడం వాళ్ళ ఆచారం.

"మళ్ళీ కుట్టేస్తావా అమ్మా?" అని అడిగింది ఫ్రేడల్.

"వేరేవాళ్ళ కోసం చింపింది నెల పోయాక కుట్టుకోవచ్చు. అమ్మానాన్నల కోసం చింపింది ఎప్పటికీ కుట్టకూడదే తల్లీ. ఇప్పుడు, చావు వచ్చినప్పుడు దేవుడికి చెప్పే ఆ మాట కూడా అను. న్యాయం తప్పని న్యాయమూర్తికి స్తోత్రం అను."

ఫ్రేడల్ అంది. అప్పటికి ఆ మాట ఆమె నోటికి వచ్చింది.

తర్వాత జర్మన్లు వచ్చారు. పంతొమ్మిది వందల నలభై రెండు ఆగస్టులో, యూదులంతా తలా ఒక మూటతో సంతబయలుకు రావాలని చాటింపు వేశారు. బ్లూమా తన నల్ల ఉన్నికోటునూ నన్నూ పక్కింటి గెనోవేఫా చేతిలో పెట్టి, "మేం వచ్చేదాకా ఉంచండి" అంది. ఆ మహాతల్లి శిలువ మీద ఒట్టేసి మరీ పుచ్చుకుంది. చలి ఇంకా మొదలవకుండానే కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. ఇక నాతో ఏం చేసిందో తెలుసా? కోడికాళ్ళు కోసింది. బ్లూమా నాతో ఏనాడూ కాగితమైనా కోయలేదు. మూడేళ్ళపాటు కొవ్వు కంపుతో వంటింటి మేకుకు వేలాడుతూ నాలో నేనే ఉడికిపోయాను.

నలభై అయిదు చివర్లో, ఒక పొద్దున ఫ్రేడల్ తలుపు తట్టింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చెవుల దాకా కూడా పెరగని జుట్టు. గెనోవేఫా ఎగాదిగా చూసి, "నువ్వింకా బతికే ఉన్నావా?" అంది. చావును తప్పించుకుని వచ్చిన పిల్లకు చేసిన మర్యాద అది.

"అమ్మ పోయింది," అంది ఫ్రేడల్. "జర్మన్ల శిబిరంలో దిగిన రోజే చంపేశారు. అదే వరుసలో నిలబడ్డ ఒకామె చెప్పింది. అమ్మ కోసం నేను బట్ట చింపుకోవాలి. నా ఒంటిమీద ఉన్నది ఎవరో పడేసిన గుడ్డ, నాది కాదు. మా అమ్మ కోటు ఇవ్వండి."

"ఏ కోటు?" అంది గెనోవేఫా, ఆ కోటే తొడుక్కుని.

"మీరు వేసుకున్నది."

"ఇది నాది. అయినా పోయినవాళ్ళకు కోట్లెందుకు? మా ఆయన వచ్చేలోగా ఇక్కణ్ణుంచి వెళ్ళు."

ఫ్రేడల్ ఆమెను తోసుకుని లోపలికొచ్చి మేకు మీదనుంచి నన్ను లాక్కుంది. గెనోవేఫా ఒంటిమీదే, ఆ కోటు ఎడమవైపున గాటు పెట్టింది. తర్వాత రెండు చేతులతో బెత్తెడు చింపింది. స్తోత్రం కోసం పెదవులు విప్పి, మళ్ళీ మూసుకుంది. "ఆ మాట నేననను," అంది ఇంటికప్పు వంక చూస్తూ. పెరట్లోంచి గెనోవేఫా మొగుడు గొడ్డలితో పరుగెత్తుకొచ్చేసరికి నన్ను బట్టలోపల దోపుకుని పారిపోయింది. కోటు అక్కడే ఉండిపోయింది.

ఓడెక్కి హైఫా చేరాక ఆమె నాతో ఎందరివో పెళ్ళిబట్టలు కోసింది. కానీ ఏటా చలికాలం రాగానే, "గెనోవేఫా దాన్ని కుట్టేసి ఉంటుంది" అని గొణుక్కునేది. చూపు తగ్గాక నన్ను మ్యూజియానికి ఇచ్చింది.

ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళప్పుడు నేనున్న ఈ మ్యూజియం గురించి పత్రికలో చదివి, గెనోవేఫా మనవరాలు కోటును ఇక్కడికి పంపింది. పొరుగువాళ్ళు ప్రేమతో దాచిన కోటు అని దానికో చీటీ కూడా. ప్రేమట! నేనే మనిషినైతే ఆ చీటీని అక్కడికక్కడే చించేసేదాన్ని. ఫ్రేడల్ వచ్చి ఎడమవైపు వేలితో తడిమింది. కంటికి ఆనని కుట్టు వేలికి తగిలింది.

"ఎంత నేర్పుగా కుట్టారో చూడండి," అన్నాడు మ్యూజియం అధికారి యిగాల్, మెచ్చుకోలుగా.

"కత్తెర ఇలా ఇవ్వు నాయనా."

"ఇక్కడి వస్తువుల్ని మార్చకూడదమ్మా. రూల్సు ఒప్పుకోవు."

"ఇది కుట్టకూడదన్న రూలు మీ రూల్సుకంటే పాతది."

యిగాల్ నా పెట్టె తాళం తీశాడు. ఫ్రేడల్ నన్ను చేతిలోకి తీసుకుంది. గుడ్డలో ఒక్క ఉన్నిపోగు కూడా తెగకుండా, గెనోవేఫా వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పాం. యాభై ఆరేళ్ళ దారం బల్లమీద రాలింది. చిరుగు మళ్ళీ తెరుచుకుంది.

"ఆ చీటీ తీసెయ్. దీన్ని కుట్టకూడదు అని రాసిపెట్టు," అంది.

యిగాల్ రాశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు: "ఆ స్తోత్రం ఇప్పుడైనా అంటారా అమ్మా?"

ఫ్రేడల్ నన్ను పెట్టెలో పడుకోబెట్టి, అద్దం మూసింది.

"ముందు ఆ న్యాయమూర్తిని నాకు సంజాయిషీ చెప్పమను."