కారం చేతులు

పరీక్ష గురువారం పొద్దున. వాన బుధవారం సాయంత్రం. ఈ వానకి బుద్ధుందా అసలు?

డ్యూటీ దిగి ఇంటికొచ్చి పుస్తకం తెరిచానో లేదో, కల్లం దగ్గర్నుంచి మా మామగారు పేరయ్య ఫోను.

"అమ్మాయ్, మబ్బేసింది. మనుషులు దొరకట్లేదు. వచ్చి ఓ చెయ్యెయ్యి."

"రేపు నాకు పరీక్ష మామయ్యా."

"కాయ తడిస్తే తాలైపోద్ది గదమ్మా."

వెళ్ళాను. వెళ్ళక చస్తానా? ఆరబోసిన మిరపకాయలన్నీ రెండు చేతులా పోగుచేసి పట్టాలు కప్పాం. పరీక్షకని కొన్న కొత్త గ్లవ్స్ ఇంట్లో బ్యాగులోనే ఉన్నాయి. రోజంతా ఆసుపత్రిలో గ్లవ్స్ వేసుకునే మనిషిని, అవి పాడవుతాయని తీసుకెళ్ళలేదు. అంత పిసినారిని. ఆ రాత్రి చేతులకి కొబ్బరినూనె రాశాను, మజ్జిగ పోశాను. మంట తగ్గలేదు.

నేను జీఎన్ఎం నర్సింగు డిప్లొమా చదివి ప్రత్తిపాడులో ఓ చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. బీఎస్సీ లేదని రెండు చోట్ల వెనక్కి పంపేశారు. ఆ ఉక్రోషంతోనే దూరవిద్యలో చేరాను. డ్యూటీల మధ్య చదివాను, ఆదివారాలు గుంటూరు క్లాసులకి తిరిగాను. కిందటిసారి సెలవు దొరక్క ప్రాక్టికల్ పోయింది. ఈసారితో గడువు ఆఖరు. పోతే మళ్ళీ మొదట్నుంచి చేరాలి. చేరనని నాకు తెలుసు.

గుంటూరు ఆసుపత్రిలో పరీక్ష. చీటీ తీశాను. పసిబిడ్డకి స్నానం.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

తల్లి శ్రీదివ్య కుట్లు మానక ఇంకా వార్డులోనే ఉంది. బొడ్డూడిన ఆడబిడ్డ పక్కలో నిద్రపోతోంది. శ్రీదివ్య వాళ్ళమ్మ రాజ్యం మంచం పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది.

"బిడ్డనిటు అందియ్యమ్మా" అన్నాను.

"నేను ముట్టుకోనమ్మా. నిన్నటిదాకా కాయ కోశాను. కారం చేతులు. మనవరాల్ని ఇంకా ఎత్తుకోనే లేదు."

నాకు తెలియదా? తెలుసు. పొద్దుట్నుంచీ తెలియనట్టు నటిస్తున్నాను. కుళాయి దగ్గరికెళ్ళి మళ్ళీ సబ్బుతో రుద్దాను. వార్డు గ్లవ్స్ తొడుక్కుని, ఆ వేలితో నా కంటి కొస తాకి చూసుకున్నాను. భగ్గుమంది. తొడుక్కునేటప్పుడే పైన కూడా అంటింది. కొత్తవి కూడా రాత్రి ఈ చేతులతోనే సర్దాను.

ఎగ్జామినర్ సీతారత్నంగారు ఎక్కణ్ణుంచో వచ్చిన పెద్దావిడ. "ఏమ్మా, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అన్నారు.

"బిడ్డని ముట్టుకోలేనండి. చేతులకి కారం ఉంది. ఎంత కడిగినా పోలేదు. గ్లవ్స్‌కి కూడా అంటుకుంది."

"పరీక్ష పెట్టుకుని మిరపకాయలు పట్టుకునేదెవరు? చేతకాకపోతే చెప్పు. సాకులు వద్దు."

నాకు ఒళ్ళు మండింది. "సాకనుకుంటే మీ కంట్లో పెట్టుకుని చూడండి" అని అరచెయ్యి ముందుకు చాపాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. అయిపోయింది, నా చదువు నేనే తగలేసుకున్నాను.

ఆవిడ నా అరచేతిని వేలితో రుద్ది, నిజంగానే కంటి కింద రాసుకున్నారు. కాసేపటికి కన్ను ఎర్రబడి ధారలు కట్టింది. ఆవిడ కొంగుతో ఒత్తుకుంటూ అడిగారు.

"ఊరుకుని చేసేస్తే ఎవరికీ తెలిసేది కాదుగా?"

"రాత్రంతా బిడ్డ ఏడుస్తుందండి. ఎందుకేడుస్తుందో వీళ్ళకి తెలియదు. నాకు తెలుస్తుంది."

ఆవిడ ఒంటి కన్నుతో నన్నే చూశారు. "చేతులు వెనక్కి కట్టుకో. నువ్వు నోటితో చెప్పు, తల్లి చేస్తుంది. బిడ్డ చెయ్యి జారిందంటే నువ్వు ఫెయిల్."

శ్రీదివ్య బిడ్డని దగ్గరికి లాక్కుంది. "నాకు రాదు సిస్టర్. నేనెప్పుడూ నీళ్ళు పొయ్యలేదు."

"నేనున్నాగా. ముందు చేతులు కడుక్కో. మోచెయ్యి నీళ్ళలో ముంచి చూడు. గోరువెచ్చగా ఉందా? ఎడం చెయ్యి మెడ కింద పెట్టు. కళ్ళు ముందు, ఉత్త నీళ్ళతో."

నా చేతులు నా మాట వినట్లేదు. వెనకాల ఒకదాన్నొకటి పట్టుకుని పెనుగులాడుతున్నాయి. సబ్బు దగ్గర బిడ్డ జారబోయింది. నా చెయ్యి సగం ముందుకొచ్చేసింది. పిడికిలి బిగించి వెనక్కి లాక్కున్నాను.

"చంక కింద పట్టు. వేళ్ళు బిగించు. భయపడకు, నీ బిడ్డే."

పట్టుకుంది. బిడ్డ కెవ్వుమని, తర్వాత నీళ్ళలో కాళ్ళాడించింది. ఒళ్ళు తుడిచి, గుడ్డ చుట్టి, శ్రీదివ్య మర్చిపోయి బిడ్డని వాళ్ళమ్మ వైపు చాపింది. రాజ్యం వెనక్కి జరిగింది. నా వైపు చాపింది. నేనూ వెనక్కి జరిగాను. చివరికి తనే గుండెకి హత్తుకుంది.

సీతారత్నంగారు మార్కులు వేసి కాగితం మడిచారు. "పాసంతే. ఎక్కువ ఆశపడకు."

"చాలండి" అన్నాను. అంతే, ఇక ఆగలేదు, ఏడుపు తన్నుకొచ్చింది. నా చెయ్యి మొహం దాకా వెళ్ళింది.

"తుడుచుకోమాకమ్మా" అని రాజ్యం అరిచింది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. శ్రీదివ్య బిడ్డని పక్కలో పడుకోబెట్టి లేచొచ్చింది. బిడ్డ తువ్వాలులో పొడిగా మిగిలిన కొస చూసుకుని, తన చేతులతో నా కళ్ళు తుడిచింది.