కుదురులేని మిద్దె

తర్లుపాడులో నాగరత్నమ్మ మిద్దెకు పొద్దున్నే పని మొదలవుతుంది. ఆమె పొయ్యి వెలిగించేసరికి వంటింటి గోడ వెనక్కి తగ్గి పొగకు దారి ఇస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ ఇంటిముందు పంచ వెడల్పవుతుంది. సాయంత్రం గొర్రెలు తిరిగొచ్చే వేళకు దొడ్డిగోడ పక్కకు తప్పుకుంటుంది. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. నాగరత్నమ్మ గోడకు మేకు కొట్టే ముందు మాత్రం కాస్త ఆలోచిస్తుంది, అంతే.

కొలవడానికి రుక్సానాకు ఈ ఇల్లే దొరికింది. విజయవాడలో ఆర్కిటెక్చర్ మూడో ఏడు చదువుతోంది. ఒక పాత ఇంటిని టేపుతో కొలిచి, అంగుళం తేడా రాకుండా గీసివ్వాలి. పోయినసారి ఆమె గీసినదాన్ని కాలేజీలో మురళీకృష్ణ సార్ తిప్పి పంపాడు. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇక చదువు మానేసి, మార్కాపురంలో ఏ జిరాక్సు షాపులోనో కూర్చుంటానని తనకు తానే ఒట్టు పెట్టుకుంది. ఆ భయం ఆమెను ఒకచోట నిలవనివ్వడం లేదు. గోళ్లన్నీ కొరికేసింది. నాయన చాంద్ బాషా ఈ ఇంట్లో గొర్రెలు కొంటాడు కదా, అడగడం తేలికని వచ్చి నిలువునా ఇరుక్కుంది. కొలిచిన ప్రతిసారీ పడమటి గది కొత్త లెక్క చెబుతోంది.

"అత్తా, ఒక్క గంట కదలకుండా ఉండమని చెప్పు నీ ఇంటికి!"

"నా మాట ఏడ వింటాది పాపా? మా అత్త మాటే వినలా."

ఫోన్ చేస్తే సార్ విసుక్కున్నాడు. "కదలని ఇల్లే దొరకలేదా అమ్మా నీకు? కదిలే ఇళ్లు సిలబస్‌లో లేవు. ఏదో ఒక పూట చూసి కొలతలు వేసెయ్."

వేసింది. మిట్టమధ్యాహ్నం గదిగదికీ పరుగులు పెట్టి కొలిచింది. గీశాక చూసుకుంటే అది మనుషులు ఖాళీ చేసి పోయిన ఇంటిలా ఉంది. ఒళ్లు మండి టేపును దొడ్లోకి విసిరేసింది.

అక్కడ ఒక గొర్రె ఈనుతోంది. అప్పుడే దుమ్ముగాలి లేచింది.

"ఆ టేపు తర్వాత ఏరుకుందువులే. ఇట్ల వచ్చి దీని తల పట్టుకో!" అని నాగరత్నమ్మ కేకేసింది.

రుక్సానా నేలమీద కూలబడి గొర్రె తలను ఒళ్లో పెట్టుకుంది. కళ్లనిండా దుమ్ము. దొడ్డిగోడ గరగరమంటూ జరిగి గాలికి అడ్డంగా వచ్చి ఆగింది. గొర్రెపిల్ల నేలమీద పడి, వణుక్కుంటూ లేచి నిలబడేదాకా గోడ అక్కడే ఉండి, తర్వాత తన చోటికి తాను వెళ్లిపోయింది. రుక్సానాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ గోడ ఎంత జరిగిందో చూసింది గానీ, ఎవరి కోసం జరిగిందో ఒక్కసారీ చూడలేదు.

ఆ తర్వాత ఆమె టేపు ముట్టలేదు. కిందిది పైకి కనిపించే ట్రేసింగు కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి, ఏ వేళకు ఏ గోడ ఎక్కడుందో, దాని పక్కన ఎవరున్నారో గీసింది. పొయ్యి ముందు నాగరత్నమ్మ, పంచలో కాళ్లు చాపుకున్న ఆమె మొగుడు పోలయ్య, ఈనిన గొర్రె.

కాలేజీలో పిల్లలు గీసినవి చూసి సార్లు ప్రశ్నలడిగే జ్యూరీ గది మహా ఇరుకు. బల్లకు అటు సార్లు కూర్చుంటారు. ఇటు పిల్లలు గోడకు వీపు ఆనించి నిలబడి జవాబు చెప్పాలి. ఇంకో కుర్చీ పట్టదు.

"వంటింటి వెడల్పు ఎంత?" అన్నాడు మురళీకృష్ణ సార్.

"ఎంతమందికి వండేటప్పుడు సార్?"

తలుపు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు.

"వేళాకోళమా? కొలతలు లేకుండా మార్కులెట్లా వెయ్యమంటావు?"

రుక్సానా గోడకు ఇంకా గట్టిగా ఆనుకుంది. నోరు మాత్రం ఆగలేదు. "కొలిచినా సార్. కొలిచిందంతా అబద్ధమైపోయింది. గొర్రె ఈనేటప్పుడు గాలి కొట్టకుండా గోడ దగ్గరకొచ్చింది. అదే గీసినా. నాకు తెలిసింది అదొక్కటే."

సార్ కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ఆమె వీపు వెనక గరగరమని చప్పుడైంది. కాలేజీ కట్టినప్పటి నుంచి మెదలని గోడ, ఒక కుర్చీ పట్టేంత వెనక్కి జరిగింది.

మురళీకృష్ణ సార్ ఆ చోటు చూశాడు. లేచి, తన కుర్చీనే ఎత్తి తెచ్చి అక్కడ వేశాడు.

"ఏడాది ఎక్కడికీ పోదు. కూర్చోమ్మా," అన్నాడు, తను నిలబడే. "మొదటి నుంచీ చెప్పు."