సగం విసుర్రాయి

నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం కృష్ణలో నీళ్ళు ఎన్నడూ లేనంత కిందికి దిగాయి. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు మునిగిన మా పాత ఊరు బయటపడింది. అంతకుముందు ఎండాకాలాల్లో గుడి మిట్ట, నాలుగు మొండిగోడలు మాత్రమే తేలేవి. ఈసారి చేలు కూడా తేలాయని మా పాత ఊరి మాసయ్య తాత వచ్చి చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా అవ్వ అనంతమ్మ సరిగ్గా అన్నం తినలేదు.

మా నాయిన కంటే ముందు అవ్వకు ఒక కూతురు ఉండేది. పేరు బాలనాగమ్మ. ఆరేళ్ళ వయసులో జ్వరం వచ్చి పోయింది. మా చేనులో బావికి దగ్గరగా పూడ్చిపెట్టి, గుర్తుకోసం ఇంట్లో పగిలిన విసుర్రాయి సగం ముక్కను పైన పెట్టారు. అవ్వ పిండి విసిరేటప్పుడు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని గింజలు పోసేదట.

ఊరు ఖాళీ చేసినప్పుడు పోచమ్మను డప్పులతో తెచ్చుకున్నారు. గుడి రాళ్ళకు నంబర్లు వేసి లారీల్లో ఎక్కించారు. కూతురి దగ్గరి మట్టి కూడా తెచ్చుకుందామని అవ్వ అంటే, కోతలు అయినంక చూద్దామన్నాడట మా తాత. కోతలకు ముందే నీళ్ళు వచ్చాయి.

"దేవుండ్లందరు గుట్టెక్కిండ్రు. నా పిల్లనే నీళ్ళల్ల ఉండిపాయె," అని అవ్వ ఎప్పుడూ అనేది.

ఇప్పుడు ఆ రాయి, దాని కింద పిడికెడు మట్టి తెచ్చి కోడేరు దగ్గరున్న మా కొత్త చేను గట్టున పెట్టుకోవాలని ఆమె కోరిక. వానలు పడితే నీళ్ళు మళ్ళీ ఎక్కుతాయి. అవ్వకు డెబ్బై దాటాయి, కళ్ళు సరిగా ఆనవు. అందుకే నాయిన ఇంకా చీకటి ఉండగానే బండి కట్టాడు.

మేం వెళ్ళేసరికి అక్కడ జాతరలా ఉంది. గుట్టల మీద చెదిరిపోయిన మా పాత ఊరివాళ్ళంతా పిల్లాజెల్లాతో దిగారు. ఎవరి గోడ ఎవరిదో వెతుక్కుంటున్నారు. ఒకామె తన పొయ్యి గడ్డను గుర్తుపట్టి అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ పక్కనే ఇద్దరు మొగవాళ్ళు పన్నెండేళ్ళ కిందటి హద్దు గురించి మళ్ళీ కొట్లాడుతున్నారు. మాసయ్య తాత మోకాలెత్తు పునాది మీద నిలబడి, పోయేవాళ్ళందరినీ పిలుస్తున్నాడు.

"రాండ్రి, రాండ్రి! ఇల్లు జర తడిగున్నది గని, మంచమంత జాగ ఉన్నది. బువ్వ తిని పోండ్రి!"

"నీ ఇంట్ల అప్పుడే పెట్టకపోతివి, ఇప్పుడు పెడ్తవా ముసలోడా?" అంది ఒక ముసలామె. అందరూ నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు. నా భుజం పట్టుకుని బావి వైపు నడిచింది.

వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి కూడా చూడటానికి జనం వచ్చారు. నీళ్ళ మధ్య నుంచి లేచిన ఊరంటే వాళ్ళకు వింత. బావికి కొంచెం దూరంలో ఒక జీపు ఆగి ఉంది. టేపు రికార్డరులో పాటలు పెట్టుకుని, తుమ్మచెట్టు మోడు దగ్గర దుప్పటి పరుచుకుని వంట చేసుకుంటున్నారు.

బావి ఒడ్డు రాళ్ళు తేలి ఉన్నాయి. అవ్వ తనకు గుర్తున్నట్టు బావి మూల నుంచి పొద్దు పొడిచే దిక్కుకు పది అడుగులు వేసింది. అక్కడ ఏమీ లేదు. ఎండి పగుళ్ళిచ్చిన ఒండ్రు మట్టి ఒక్కటే ఉంది. మళ్ళీ బావి దగ్గరికి పోయి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఈసారి ఇంకోచోటికి వచ్చింది.

"అప్పుడు నా అడుగు పెద్దగుంటుండె. ఇప్పుడు కుంటి నడకాయె," అంది. "నువ్వెయ్యి కళా. పెద్దగ వెయ్యి."

నేను వేశాను. అక్కడా లేదు. నాయిన ఒకటి రెండు చోట్ల పారతో గీకి చూశాడు. ఎద్దులకు నీళ్ళు పెట్టాలి, మీరు చూస్తుండండని చెప్పి ఏటి వైపు పోయాడు. ఎండ ముదిరింది. అవ్వ నేల మీద కూర్చుని రెండు చేతులతో తడుముతూ జరుగుతోంది. నేను చెంబు తీసుకుని, జీపు వాళ్ళ దగ్గర తాగే నీళ్ళు ఉంటాయేమోనని వెళ్ళాను.

వాళ్ళు మూడు రాళ్ళ పొయ్యి పెట్టారు. పెద్ద గిన్నెలో కోడికూర ఉడుకుతోంది. ఆ రాళ్ళలో ఒకటి అర్ధచంద్రంలా ఉంది. పగిలిన అంచు మధ్యలో సగం రంధ్రం. మంట దాని మీదుగా పైకి పాకుతోంది.

అది విసుర్రాయి సగం ముక్క.

"ఏం కావాలె పాపా?" అని అడిగింది గరిటె పట్టుకున్న ఒకామె. మంచి మనిషి. నా చెంబు చూసి తనే నీళ్ళు పోసింది. "పొయ్యి దిక్కు అట్ల చూస్తున్నవేంది? కూర తింటవా?"

"ఆ రాయి చూస్తున్నట్టుంది," అన్నాడు కట్టెలు ఎగదోస్తున్న ఆయన, నవ్వుతూ. "బాగ దొరికింది గద? గిన్నె కోసమే చెక్కినట్టున్నది."

ఎక్కడ దొరికింది అని అడిగితే చాలు. లేచి చెయ్యి చాపి చూపించేవాడు. కానీ కొత్తవాళ్ళ ముందు నాకు మాట పెగలదు. బడిలో సారు నా పేరు అడిగినా పక్కన కూర్చునే రుక్కమ్మే చెప్పేది.

"నీ పేరేంది?" అని అడిగింది ఆమె. నేను తల దించుకుని చెంబు పట్టుకుని వచ్చేశాను.

అవ్వకు చెబుదామనుకున్నాను. కూతురి గుర్తు మీద వాళ్ళు కోడిని వండుకుంటున్నారని ఎట్లా చెప్పాలి? నాయిన రానీ అనుకున్నాను. నాయిన రాలేదు. వాళ్ళు పోయేటప్పుడు అడుగుతాను అనుకున్నాను. అవ్వ పక్కన కూర్చుని నేనూ మట్టి తడుముతూ ఉన్నాను. ఏమీ తెలియనట్టు అవ్వతో పాటు వెతికాను.

చాలాసేపటికి జీపు స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. లేచి పరుగెత్తాను. సగం దూరం పోయి ఆగి, చెయ్యి ఎత్తాను. జీపులోంచి ఆ గరిటె ఆమె నన్ను చూసింది. నేను సాగనంపుతున్నాననుకుంది. తనూ చెయ్యి ఊపుతూ, "పోయొస్తం పాపా!" అని అరిచింది. జీపు దుమ్ములో కలిసిపోయింది.

పొయ్యి దగ్గర బూడిద, ఎముకలు ఉన్నాయి. రాయి నల్లగా మాడి ఉంది. నీళ్ళు పోస్తే పగులుతుందని పోయలేదు. ఒండ్రు పొడి తీసుకుని నా ఓణీతో రుద్ది రుద్ది మసి తుడిచాను. నూనె మరకలు మాత్రం పూర్తిగా పోలేదు. ఓణీ కొంగును మడతలు పెట్టి, దానిలో రాయి పట్టుకుని మోసుకొచ్చాను.

"అవ్వా, దొరికింది."

అవ్వ వేళ్ళతో అంచు తడిమింది. సగం రంధ్రంలో వేలు పెట్టి చూసుకుంది. రాయిని ఒడిలోకి లాక్కుంది. అది ఇంకా వేడిగానే ఉంది.

"ఎంత కాలిపోతున్నవే బిడ్డా," అంది రాయితో. "ఎంత ఎండల ఉన్నవే నా తల్లీ."

తర్వాత నా వైపు తల తిప్పింది.

"ఏడ దొరికింది పిల్లా? జాగ చూపియ్యి. మట్టి తీసుకుందాం."

ఆ క్షణంలోనైనా నిజం చెప్పి ఉండాల్సింది. జీపు పోయింది. ఆ రాయి ఎక్కడి నుంచి తీశారో చెప్పేవాళ్ళు ఇక ఎవరూ లేరు. చెబితే అవ్వ ఇంకా వెతుకుతుంది. పొద్దు వాలుతోంది. బావికి పొద్దు పొడిచే వైపు ఏడెనిమిది అడుగుల దూరంలో నేల కొంచెం మెత్తగా కనిపించింది.

"గీడనే అవ్వా," అని చూపించాను.

అవ్వ అక్కడ కూర్చుంది. గోళ్ళతో మట్టి పెళ్ళగించి పిడికెడు తీసి కొంగులో ముడివేసుకుంది. ఆ గుంతలో కాసేపు చెయ్యి అట్లాగే ఉంచింది. "మీ నాయిన కోతలంటె ఆగితి బిడ్డా. తప్పాయె," అని నేలతో చెప్పింది. అప్పుడే వచ్చిన నాయిన టవలుతో కళ్ళు తుడుచుకున్నాడు. దూరం నుంచి మాసయ్య తాత, "దొరికిందా అనంతమ్మా?" అని కేకేశాడు. "దొరికిందన్నా! నా మనవరాలికి దొరికింది!" అని అవ్వ గట్టిగా చెప్పింది. ఊరివాళ్ళు వచ్చి ఒక్కొక్కరే ఆ రాయికి మొక్కిపోయారు.

మరునాడు మా కొత్త చేను గట్టున ఆ మట్టి పోసి, మీద రాయి పెట్టారు. పసుపు పూస్తే నూనె మరకల దగ్గర అంటుకోలేదు. "నీళ్ళల్ల నానింది గద," అంది అవ్వ.

మృగశిర దాటాక వానలు బాగా పడ్డాయి. కృష్ణ నిండిందని, బావి మునిగిందని మాసయ్య తాత చెప్పాడు. అవ్వ ఈసారి దిగులు పడలేదు. "ఇంకేంది, నా పిల్ల ఎండకు, గాలికి ఉన్నది," అంది. ఆ వానాకాలమంతా కడుపునిండా తిన్నది, మంచిగా నిద్రపోయింది.

మంగళవారం పొద్దున బడికి పోయే ముందు నన్ను పిలిచి కుంకుమ గిన్నె నా చేతిలో పెట్టేది.

"నువ్వే పెట్టు కళా. నేను పన్నెండేండ్లు ఏడిస్తె కనవడలేదు, నీకు కనవడ్డది. నీ చేతితోనే అందుతది దానికి."

నేను పెడుతున్నాను. ప్రతి మంగళవారం పెడుతున్నాను.