సీటు దించితే చాలదు

"కొత్తదెందుకు? సీటు దించితే చాలు, నా పాతదే నీకు సరిపోతుంది" అన్నారు మా ఆయన, చెమటతో తడిసిన బనియన్ నా చేతిలో పడేస్తూ. ఆయన సైకిల్ తొక్కి వచ్చాక రోజూ జరిగే తంతు ఇదే. ఆయన స్నానానికి వెళ్తారు. నేను ఆ బట్టలు నానబెట్టి, నీళ్ళ సీసాలు కడిగి, సైకిల్ గొలుసుకు పట్టిన మడ్డి పాతగుడ్డతో తుడుస్తాను. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటిగా సాగే ట్రయథ్లాన్ పోటీల్లో ఆయనకొచ్చిన పతకాలు హాల్లో వేలాడుతుంటాయి. వాటి దుమ్ము దులిపేదీ నేనే. చుట్టాలొస్తే "మా ఆవిడ సపోర్ట్ లేకపోతే నేను లేను" అంటారు. సపోర్టట! బల్లకి కాళ్ళూ సపోర్టే, వాటినెవరైనా పోటీకి పంపుతారా?

నేనూ పోటీకి దిగుతానన్నప్పుడు ఆయన ఆ పాత సైకిలే ఇచ్చారు. ఆయన ఆరడుగుల మనిషి, నేను ఆయన భుజం దాకా వస్తాను. సీటు అట్టడుగుకి దించారు. పాదాలు మునివేళ్ళతో పెడళ్ళకు అందగానే "చూశావా!" అని మురిసిపోయారు. కానీ ఈ సైకిల్ మీద ముందుకు వంగి, మోచేతులు హ్యాండిల్ మీది మెత్తలకు ఆనించి తొక్కాలి. సీటు దించినంత మాత్రాన ముందున్న హ్యాండిల్ దగ్గరికి జరగదు కదా. దాని కోసం సాగీ సాగీ నా మెడ పట్టేసింది, వేళ్ళు మొద్దుబారాయి. కిందటి పోటీలో ఈత బాగానే ఈదాను, సైకిల్ మీద సగం దారిలో ఆగిపోయాను. అత్తగారు "ఆడలేక మద్దెల ఓడందట" అని నవ్వారు. ఆయనైతే "నీ నడుములో బలం లేదు, వ్యాయామం చెయ్యి" అన్నారు. నేను ఫిజియోథెరపిస్టుని. పొద్దస్తమానం జనాల నడుములు సరిచేసేదాన్ని. నాకు చెప్తున్నారు నడుము గురించి! ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రిలోనూ ఇదే గోల. రోగులను పడుకోబెట్టే బల్లలన్నీ ఎత్తు, నేను మునివేళ్ళ మీద నిలబడి పనిచేస్తాను. కాస్త కిందికుండే బల్ల ఒకటి ఇప్పించమంటే "స్టూలు తెచ్చుకోవచ్చుగా అమ్మా" అంటాడు పెద్ద డాక్టరు.

మళ్ళీ పోటీ దగ్గరకొచ్చింది. ఈసారి సగంలో ఆగడం నా వల్ల కాదు. నా జీతంతో నాకు తగ్గ సైకిల్ కొనుక్కుంటానన్నాను. తగుదునమ్మా అని ఆయనా దుకాణానికి బయల్దేరారు.

"మేడమ్‌కి ఏ సైజు సార్?" దుకాణదారు అడిగింది నన్ను కాదు, ఆయన్ని. నేను పక్కనే ఉన్నాను, మూగదాన్నేం కాదు.

"మీడియం ఇచ్చెయ్యండి. ఎప్పుడైనా నేనూ తొక్కొచ్చు."

"ముందు నన్ను ఎక్కించి చూడండి" అన్నాను.

మీడియం సైకిల్‌ని స్టాండుకు బిగించి ఎక్కించాడు. అదే కథ. భుజం నుంచి మోచేతికి నిలువుగా దిగాల్సిన చేయి, అటక మీద డబ్బా అందుకుంటున్నట్టు ముందుకు చాచుకుపోయింది. "ఇంతకంటే చిన్నది?" అన్నాను. దుకాణదారు ఆయన మొహం చూసి, నసిగి, మూలనుంచి అన్నిటికంటే చిన్న ఫ్రేమ్ తీసుకొచ్చాడు. ఎక్కి వంగాను. మోచేతులు వాటంతటవే మెత్తల మీద ఆనాయి. మెడ సులువుగా లేచి ఎదురుగా చూసింది. పొట్టనిండా ఊపిరి తీసుకోగలిగాను. కాళ్ళు మాత్రం ఇంకా మునివేళ్ళతోనే అందుతున్నాయి. అయినా ఏడుపొచ్చినంత పనైంది. నా నడుముకేం రోగం లేదు. ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళ సైకిల్ మీద ఎక్కి, నా ఒంటిని నేనే తిట్టుకున్నాను.

"చిన్నపిల్లల బండిలా ఉంది. నలుగురూ నవ్వుతారే" అన్నారాయన.

"పోయినసారి నలుగురూ నవ్వింది మీ సైకిల్ మీద నన్ను చూసే కదండీ."

మొహం గంటు పెట్టుకుని చుట్టూ తిరిగి చూశారు. "సరే, ఇదే కానీ. సీటు బాగా పైకి లాగితే నేనూ ఎలాగో సర్దుకుంటాలే."

దుకాణదారు గొంతు సవరించుకున్నాడు. "అదే సార్, మేడమ్‌కి సీటు ఇంకా దిగాలి. సీటు కింది రాడ్డు ఫ్రేమ్ గొట్టం లోపల తగులుతోంది, అడుగున కొంత కొయ్యాలి. కోస్తే ఇక మీ ఎత్తుకి లేవదు. ఏం చెయ్యమంటారు సార్?"

"కొయ్యొద్దు" అన్నారాయన వెంటనే. "వేలెడు ఎత్తుకే ఏమైపోతుంది? తనకి అలవాటేలే."

అలవాటే. ఇరవై ఏళ్ళుగా మునివేళ్ళ మీద నిలబడటం నాకు అలవాటే. నేను సైకిల్ దిగి దుకాణదారు ఎదురుగా నిలబడ్డాను. "తొక్కేది నేను. నన్నడగండి. కొయ్యండి."

అతను ఈసారి ఆయన వైపు చూడలేదు. రాడ్డు బయటికి లాగి, గీత గీసి, రంపం పట్టాడు. మా ఆయన ఏదో అన్నారు, ఆ చప్పుడులో వినపడలేదు. వేలెడంత ముక్క తెగి బల్ల మీద పడింది. దాన్ని తీసి, రజను ఊది, ఆయన చేతిలో పెట్టాను.

"ఇదుగోండి" అన్నాను, "ఈ సైకిల్లో మీ వాటా."