ఇంకొకడి దగ్గరున్న ఫొటోలు

నేను వెలుతురు మీద బతికేవాణ్ణి. నాది ఫొటో స్టూడియో. అలాంటి నాకు ఇంకొకడి లైటు చూసి కడుపు మండుతుందని ఎవరైనా చెప్పుంటే పకపకా నవ్వేవాణ్ణి.

మా ఆవిడకి లూపస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. కాస్త ఎండ తగిలితే చాలు, బుగ్గలు కందిపోతాయి. నా స్టూడియో లైట్లన్నా భయమే. జబ్బు బయటపడ్డాక నా కెమెరా ముందు కూర్చోనే లేదు. "ఈ మొహానికి ఫొటో కూడానా?" అనేది. ఒక్కసారి మళ్ళీ కూర్చుంటే చాలని నా ఆశ.

మాత్రలతో జబ్బు అదుపులోకి వచ్చింది గానీ, బుగ్గల మీది ఎర్ర మచ్చలు మొండికేశాయి. లేజర్ చేయిద్దామంది డాక్టరమ్మ. ఎండలో ఉండే చెడ్డ కిరణాలు ఇందులో ఉండవట, ఉబ్బిన సన్నటి రక్తనాళాల్నే పట్టుకుంటుందట. సరేనన్నాం. నా మనశ్శాంతి అక్కడితో సరి.

లేజర్ చేసేవాడు నాకంటే పొడుగు, పైగా మాటకారి. "రబ్బరుబ్యాండుతో కొట్టినట్టుంటుందమ్మా. నొప్పేస్తే మీవారిని తిట్టుకోండి" అంటాడు. మా ఆవిడ కిలకిలా నవ్వుతుంది. ఇన్నాళ్ళూ రోజూ రాత్రి ఆ బుగ్గలకి క్రీము రాసింది నేను. నా దగ్గర ఒక్కనాడూ అలా నవ్వలేదు. లేజర్ కళ్ళల్లో పడకుండా నాకూ నల్లకళ్ళద్దాలు తగిలించి మూల కుర్చీలో కూలేశారు.

అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఇంకోటుంది. వాడు ప్రతిసారీ ఫొటో తీస్తాడు. తెల్లగోడ ముందు స్టూలేసి, "గడ్డం కొంచెం పైకమ్మా" అంటాడు. అది నా మాట! ఆవిడ బుద్ధిగా గడ్డం ఎత్తుతుంది.

నిన్న మొదటి ఫొటో, తాజా ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాడు. ఎరుపు చాలావరకు పోయింది. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను తట్టుకోలేకపోయాను.

"ఇదంతా లైటు మాయ. రెండోదాంట్లో వెలుతురు ఎక్కువ పడింది" అన్నాను.

పచ్చి అబద్ధం. రెండింటిలోనూ వెలుతురు ఒక్కటే. ఆవిడ మొహం చిన్నబోయింది. ఇంటికి తిరిగొస్తూ స్టూడియో దగ్గరికి రాగానే ఆగింది.

"అయితే మీరే తియ్యండి. మీ ఫొటోలో తగ్గినట్టు కనబడితే తగ్గినట్టే. లేకపోతే ఇంక అక్కడికి వెళ్ళను."

నా కాళ్ళు నేల మీద నిలవలేదు. పెద్ద లైట్ల జోలికి పోకుండా చిన్న ఎల్ఈడీ దీపం ఒక్కటి పెట్టాను. "గడ్డం కొంచెం పైకి" అన్నాను. ఎత్తింది. ఎన్నాళ్ళకి! ఆ క్షణంలో కడుపుమంట కూడా చల్లారింది. ఉన్న నిజం చెప్పేద్దాం, వాడే గెలిచాడని ఒప్పుకుందాం అనుకున్నాను. లోపలికెళ్ళి ప్రింటు తీసి తెచ్చాను.

ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. చేత్తో ఎడమ దవడ తడుముకుంది.

"ఇక్కడ ఇంకా చిన్న మచ్చుందండీ. ఇందులో లేదే?"

దాన్ని చెరిపానని నాకే తెలీదు. ఎవరి మొహమైనా సరే, కంప్యూటర్ తెర మీదికి రాగానే నా చెయ్యి మచ్చలు తుడిచేస్తుంది. పెళ్ళికొడుకులకీ, పాస్‌పోర్టు ఫొటోలకీ చేసిన పనే పెళ్ళానికీ చేశాను.

"అలవాటులో... చెయ్యి దానంతటదే..." అని నసిగాను.

"అతని ఫొటోలో ఉంది" అంది. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "దాని మీద వేలు పెట్టి, ఇది కాస్త మొండిదమ్మా, వచ్చేసారి దీని సంగతి చూద్దాం అన్నాడు."

"కూర్చో, ఇంకోటి తీస్తాను. ఏదీ ముట్టుకోను."

ఆవిడ అప్పటికే మొహానికి స్కార్ఫ్ చుట్టుకుంటోంది.

"ఎందుకులెండి. ఉన్నవి ఉన్నట్టు అక్కడున్నాయిగా."